పిల్లనగ్రోవి కొత్తగా మొదలుపెట్టాను: గాలి చప్పుడు తప్ప నాదం రావడం లేదు

ప్రశ్న
అడిగినవారు: కొత్త విద్యార్థి, రాజమహేంద్రవరం

నా వయసు 42 ఏళ్లు. చిన్నతనంలో రెండేళ్లపాటు గాత్రం నేర్చుకున్నాను కనుక సరళీ స్వరాలు, జంట స్వరాలు వంటి తొలి పాఠాలు ఇప్పటికీ నోటికి వస్తాయి. మొన్న తిరునాళ్లలో ఆరు రంధ్రాల వెదురు వేణువు ఒకటి కొన్నాను. పది రోజులుగా రోజుకు అరగంట ఊదుతున్నా గాలి చప్పుడే ఎక్కువగా వినిపిస్తోంది. ఎప్పుడైనా నాదం పలికినా, నాలుగో వేలు పెట్టేసరికి ఆగిపోతోంది. పైగా కాసేపటికే తల తిరుగుతోంది. లోపం నాలో ఉందా, వేణువులో ఉందా? కర్ణాటక సంగీతం నేర్చుకోవాలంటే ఎనిమిది రంధ్రాల వేణువే కొనాలా? గాత్రంలో తొలి పాఠాలు నేర్పే మాయామాళవగౌళ రాగంతోనే మొదలుపెట్టాలా? పెద్దలు దయచేసి వివరించగలరు.

సమాధానం 1
వ్రాసినవారు: వేణుగాన అభ్యాసి

మీరు అడిగిన వాటిలో ముందుగా తేలవలసినది నాదం సంగతి, ఎందుకంటే అది కుదరనంతవరకు రాగం గురించి ఆలోచించినా ఫలం ఉండదు. వేణువులో నాదస్వరానికి ఉన్నట్టు పీక ఉండదు. పెదవుల మధ్య నుంచి వచ్చే సన్నని గాలి ఊదే రంధ్రపు అవతలి అంచుకు తగిలి, రంధ్రం లోపలికీ బయటికీ ఊగులాడడం వల్లనే నాదం పుడుతుంది. కనుక గాలి ఎంత బలంగా వదిలామన్నదాని కంటే ఎంత సన్నగా, ఏ కోణంలో వదిలామన్నదే ముఖ్యం. వేడి పాలను చల్లార్చేటప్పుడు పెదవులు ఎలా ఉంటాయో గమనించి, వాటిని ఇంకొంచెం బిగించి చూడండి. కింది పెదవి ఊదే రంధ్రంలో కొంత భాగాన్ని కప్పాలి. వేళ్లన్నీ తీసివేసి, అద్దం ముందు నిలబడి, వేణువును నెమ్మదిగా ముందుకూ వెనుకకూ దొర్లిస్తూ ఊదితే నాదం ఎక్కడ పలుకుతుందో మీకే తెలుస్తుంది. నేను మూడు వారాలు ఇదొక్కటే చేశాను. ఇంట్లోవారు విసుక్కున్నారు, అది వేరే సంగతి.

తల తిరగడం అవసరానికి మించి గాలి వదలడం వల్ల వస్తుంది. అలా అనిపించగానే ఆపి, కూర్చుని, మామూలుగా ఊపిరి పీల్చుకోండి. అరగంట ఏకబిగిన ఊదే బదులు పదేసి నిమిషాల చొప్పున మూడుసార్లు ఊదడం మేలు.

నాలుగో వేలు పెట్టగానే నాదం ఆగిపోతోందంటే, పై రంధ్రాలలో ఏదో ఒకచోట గాలి కారుతోందని అర్థం. వేలి కొనతో కాక, కొన వెనుక ఉండే మెత్తని భాగంతో రంధ్రాన్ని మూయాలి. ఊదే రంధ్రానికి దగ్గరగా ఉన్న రంధ్రంతో మొదలుపెట్టి ఒక్కొక్క వేలే పెడుతూ, ప్రతి దశలోనూ నాదం నిలిచిన తరువాతనే తరువాతి వేలికి వెళ్లండి.

సమాధానం 2
వ్రాసినవారు: గాత్రం నుంచి వేణువుకు వచ్చినవాడు

పై సమాధానంతో ఏకీభవిస్తూ వేణువు ఎంపిక గురించి వ్రాస్తున్నాను. తిరునాళ్లలో దొరికే వేణువులు చాలావరకు శ్రుతి చూసి చేసినవి కావు. వాటితో నాదం పలికించడం నేర్చుకోవచ్చు గాని, స్వరస్థానాలు నేర్చుకుంటే చెవి పాడవుతుంది. కర్ణాటక పద్ధతి వేణువుకు ఊదే రంధ్రం కాక ఎనిమిది స్వర రంధ్రాలు ఉంటాయి, చివరిదాన్ని మామూలుగా తెరిచే ఉంచుతారు. హిందుస్తానీ బాన్సురీకి ఆరు ఉంటాయి. తేడా సంఖ్యతో ఆగదు: మనం మొదటి రెండు రంధ్రాలు మూసి షడ్జం (స) పలికిస్తే, వారు మూడు మూసి పలికిస్తారు. అందువల్ల ఒక పద్ధతి వీడియోలు చూస్తూ మరొక పద్ధతి వేణువు పట్టుకుంటే అయోమయమే మిగులుతుంది.

శ్రుతి సంఖ్య అంటే వేణువు షడ్జం ఎంత ఎత్తులో పలుకుతుందో తెలిపే అంకె; అది తగ్గినకొద్దీ వేణువు పొడవు, రంధ్రాల మధ్య దూరం పెరుగుతాయి. 5 శ్రుతి వేణువు కొత్తవారి వేళ్లకు అందుతుంది. కొనేముందు తంబురా యాప్ పెట్టుకుని, వాయించడం వచ్చినవారిచేత షడ్జ పంచమాలు ఊదించి వినండి.

ఇక మాయామాళవగౌళ. రెండో రంధ్రం పూర్తిగా తెరిస్తే చతుశ్శ్రుతి రిషభం (కాస్త ఎత్తైన రి), అన్నీ తెరిస్తే అంతర గాంధారం (ఎత్తైన గ) పలుకుతాయి. మాయామాళవగౌళకు కావలసిన శుద్ధ రిషభం (తక్కువ ఎత్తున్న రి) కోసం ఆ రెండో రంధ్రాన్ని సగమే తెరవాలి. గాత్రంలో అతి సులువైన ఆ స్వరం ఇక్కడ కొత్త వేలికి పరీక్ష అవుతుంది. అందుకే వేణువుకు సహజంగా పలికే హరికాంభోజి రాగంతో మొదలుపెట్టించే గురువులు ఉన్నారు. మీరూ అలాగే చేయండి. ఈ సగం వేళ్ల పని తరువాత గమకాలకు, అంటే స్వరాన్ని ఊపుతూ, జారుస్తూ పలికించడానికి కూడా అక్కరకు వస్తుంది. వేణు విద్వాంసుడు టి.ఆర్. మహాలింగం (1926–1986) వేణువు మీద గాత్రంలా గమకాలు పలికించగలిగారంటే, అందులో వేళ్ల పట్టులో ఆయన తెచ్చిన మార్పుల పాత్ర చాలా ఉంది.

సమాధానం 1 వ్రాసినవారి స్పందన

హరికాంభోజి విషయంలో నాకు కొంత భేదాభిప్రాయం ఉంది. గాత్రం తెలిసినవారి చెవిలో శుద్ధ రిషభం ముందే ఉంటుంది కనుక, వేలు తప్పితే వారికి వెంటనే తెలుస్తుంది. నెల గడిచాక రెండూ కలిపి సాధన చేసినా నష్టం లేదు. ముందుగా గురువును వెతుక్కోండి; పెదవి కోణం వీడియోలో సరిగా కనబడదు.

అడిగినవారి స్పందన

మీ ఇద్దరికీ కృతజ్ఞతలు. చెప్పినట్టు ఒక్కొక్క వేలే పెట్టి చూశాను. ఎడమచేతి ఉంగరపు వేలు రంధ్రాన్ని పూర్తిగా మూయడం లేదని తేలింది. దాన్ని కొంచెం ముందుకు జరిపాక నాలుగో వేలు పెట్టినా నాదం నిలుస్తోంది, అయిదో వేలి దగ్గర మాత్రం ఇంకా తెగిపోతోంది. 5 శ్రుతి ఎనిమిది రంధ్రాల వేణువు కోసం విచారిస్తున్నాను.