640 మంది జవాబిచ్చారు, మార్జిన్ 4 శాతం లోపే. ఈ సర్వే ఫలితం నమ్మొచ్చా?

ప్రశ్న:
ఒక గ్రంథాలయ సభ్యుల జాబితా నుంచి రాండమ్‌గా 5,000 మందిని తీసి ఈమెయిల్‌లో ఫారం పంపాం. 640 మంది నింపారు. వాళ్లలో 72 శాతం సేవలు బాగున్నాయన్నారు. మార్జిన్ ఆఫ్ ఎర్రర్ (ఫలితం అటూ ఇటూ ఎంత మారొచ్చో చెప్పే అంకె) 3.9 వచ్చింది. "68 నుంచి 76 శాతం సభ్యులు సంతృప్తిగా ఉన్నారు" అని రిపోర్టులో రాయొచ్చా? ఇంకొందరికి పంపి మరో వెయ్యి జవాబులు తెస్తే గట్టిపడుతుందా?

జవాబు 1:
అలా రాయకండి. ఆ 3.9 శాంప్లింగ్ ఎర్రర్‌కు, అంటే అందరినీ కాక రాండమ్‌గా కొందరినే తీయడం వల్ల వచ్చే తేడాకు మాత్రమే (అదీ 50 శాతం దగ్గర వచ్చే గరిష్ఠం, 72 దగ్గర 3.5). ఎంచుకున్నవాళ్లంతా జవాబిచ్చినప్పుడే ఆ లెక్క పూర్తిగా నిలుస్తుంది. మీకు వచ్చింది 12.8 శాతం. మిగతా 4,360 మందిలో 60 శాతమే సంతృప్తిగా ఉన్నారనుకోండి: 0.128 × 72 + 0.872 × 60 = 61.5. పదిన్నర పాయింట్లు పోయాయి.

ఇంకో వెయ్యి జవాబులు అదే దారిలో తెస్తే మళ్లీ అలాంటివాళ్లే నింపుతారు. మార్జిన్ తగ్గుతుంది, తప్పు ఉన్నచోటే ఉంటుంది.

గణాంకవేత్తలు హాన్సెన్, హర్విట్జ్ 1946లో చెప్పిన పద్ధతి చూడండి. జవాబివ్వని 4,360 మందిలో రాండమ్‌గా ఓ 150 మందిని తీసి ఫోన్ చేయండి. వేర్వేరు రోజుల్లో, వేర్వేరు వేళల్లో, కనీసం ఐదారుసార్లు. ఎత్తనివాళ్ల బదులు ఇంకొకరిని మాత్రం పెట్టొద్దు. తేలిగ్గా దొరికేవాళ్లే మళ్లీ పోగవుతారు. వచ్చిన శాతాన్ని 0.872తో, మీ 72ను 0.128తో గుణించి కలపండి.

జవాబు 2:
ఫారంలో ప్రశ్న ఎలా అడిగారండీ?

ప్రశ్న అడిగినవారు:
"మా సిబ్బంది సేవ, పనివేళలు మీకు బాగున్నాయా? అవును / కాదు."

జవాబు 2:
ఇందులో రెండు ప్రశ్నలున్నాయి. సిబ్బంది నచ్చి వేళలు నచ్చనివాళ్లు ఏది నొక్కాలి? పైగా "బాగున్నాయా" అంటే మొహమాటానికి "అవును" అనేవాళ్లే ఎక్కువ. తర్వాతి సర్వేకి విడగొట్టి, "చాలా అసంతృప్తి" నుంచి "చాలా సంతృప్తి" దాకా ఐదు మెట్లు పెట్టండి. ముందుగా పదిపన్నెండు మందికి చూపించి, ప్రతి ప్రశ్నకూ ఏమర్థమైందో వాళ్ల మాటల్లో చెప్పించుకోండి.

ఫోన్‌లో మాత్రం ఈసారికి పాత ప్రశ్నే అడగాలి. మాట మారిస్తే తేడా మనుషుల వల్ల వచ్చిందో, ప్రశ్న వల్ల వచ్చిందో తేలదు. అలా అడిగినా, అవతల మనిషి గొంతు వింటూ "బాగాలేదు" అనడానికి జంకుతారు కాబట్టి ఫోన్ అంకె అసలుకన్నా కాస్త ఎక్కువే రావచ్చు. గ్రంథాలయ సిబ్బంది చేత ఫోన్ చేయించకండి.

జవాబు 3:
సంఖ్యను చూసి ధైర్యపడకూడదనడానికి 1936 అమెరికా ఎన్నికలే సాక్ష్యం. లిటరరీ డైజెస్ట్ పత్రిక దాదాపు కోటి బ్యాలట్లు పంపి, 20 లక్షలకు పైగా తిరిగి తెప్పించుకుంది. రూజ్‌వెల్ట్ మీద పోటీ చేసిన లాండన్ గెలుస్తాడంది, 48 రాష్ట్రాల్లో 46 రూజ్‌వెల్ట్‌కు వచ్చాయి.

ఫోన్లకు ముందే మీరు చేయగలిగిన పని ఒకటుంది. 5,000 మందీ గడిచిన ఏడాదిలో ఎన్ని పుస్తకాలు తీసుకున్నారో రికార్డుల్లో ఉంటుంది కదా. జవాబిచ్చినవాళ్లనూ ఇవ్వనివాళ్లనూ దాని మీద పోల్చండి. తరచూ వచ్చేవాళ్లే నింపారని తేలితే, వెయిట్లు వేయాల్సింది (అంటే తక్కువగా జవాబిచ్చిన రకం వాళ్ల జవాబులను ఎక్కువగా లెక్కించాల్సింది) వయసు మీద కాదు, ఆ వాడకం మీద. వెయిట్లు మరీ ఎగుడుదిగుడైతే మార్జిన్ పెరుగుతుంది: గణాంకవేత్త కిష్ సూత్రం ప్రకారం డిజైన్ ఎఫెక్ట్ (వెయిట్ల వల్ల జవాబుల బలం ఎన్నో వంతుకు తగ్గిందో చెప్పే భాజకం) 1.6 వస్తే మీ 640 జవాబులూ 400తో సమానం, గరిష్ఠ మార్జిన్ 4.9. రిపోర్టులో 12.8 శాతం రెస్పాన్స్ రేటునూ, ప్రశ్న పూర్తి పాఠాన్నీ సంతృప్తి శాతం పక్కనే వేయండి.