కుటుంబాల చుట్టూ తిరిగే సంఘంలో నాకు చోటెక్కడ? (సెమినరీ విద్యార్థి ప్రశ్న)

వెనక బెంచీ:
అందరికీ వందనాలు. బి.డి. (పాస్టర్ కావడానికి చదివే డిగ్రీ) చివరి సంవత్సరంలో ఉన్నాను. నేను గే. ఇది పాపమా కాదా అన్న వాదన మళ్ళీ మొదలుపెట్టే ఓపిక నాకు లేదు. నేను అడిగేది సంఘం నడిచే తీరు గురించి.

ఫీల్డ్ వర్క్‌కి వెళ్ళే సంఘంలో ప్రసంగం అయ్యాక ‘పుట్టినరోజులు, పెళ్ళిరోజులు ఉన్నవాళ్ళు ముందుకు రండి’ అని పిలుస్తారు. కవర్లో కృతజ్ఞత కానుక, దంపతుల తల మీద చేయి పెట్టి ప్రార్థన, ఒక పాట. రిజిస్టర్‌లో పేర్లు కుటుంబాల వారీగా ఉంటాయి. ఆడవాళ్ళు ఒకవైపు, మగవాళ్ళు ఒకవైపు కూర్చుంటారు. పాస్టర్ వస్తున్నాడంటే ముందు అడిగేది ‘అమ్మగారు (పాస్టర్ భార్య) ఏం చేస్తారు?’ అని. నాకైతే పెద్దలు ఇప్పటినుంచే సంబంధాలు చూస్తున్నారు. ఈ లెక్కన పెళ్ళి చేసుకోని పౌలుకి మన దగ్గర పోస్టింగ్ దొరకదు!

నాకు ఆర్డినేషన్ (పాస్టర్‌గా అభిషేకం) ఇస్తారా లేదా అన్నది తర్వాత సంగతి. బైబిల్లో రోమా 16లో ప్రిస్కిల్ల, అకుల దంపతుల ఇంట్లో సంఘం కూడినట్టు, బల్ల చుట్టూ కూర్చుని అందరూ మాట్లాడే సంఘం కావాలంటాను. మీరేమంటారు?

కోనసీమ కాపరి:
బ్రదర్, మా సంఘంలో అందరూ దళితులే. వాళ్ళ తాతల పెళ్ళిళ్ళని ఊరు పెళ్ళిళ్ళుగా లెక్కేయలేదు. అలాంటివాళ్ళు ఇస్త్రీ బట్టలు కట్టుకుని, దంపతులుగా పల్పిట్ ముందు నిలబడి పేరు చదివించుకుంటారు. మీకు ఇరుకనిపించేది వాళ్ళకి గౌరవం. ఇక ఇళ్ళలో కూడితే ఎవరి ఇల్లు పెద్దదో వాడిదే పెత్తనం. మా ఊళ్ళో మాలపేట, మాదిగపేట వాళ్ళు ఒకే కప్పు కింద కూర్చునేది చర్చిలోనే. ఎవరింట్లో కూడమంటారు?

పైగా అధ్యక్షుడు, అంటే సంఘ కాపరి, ఏకపత్నీ పురుషుడై ఉండాలని 1 తిమోతి 3 చెబుతోంది. వాక్యాన్ని మార్చలేం.

డాలస్ అక్క:
ఇక్కడ అమెరికాలో యునైటెడ్ మెథడిస్టులు 2024 మేలో, షార్లెట్‌లో జరిగిన సమావేశంలో గే పాస్టర్ల మీద నిషేధం తీసేశారు. అంతకుముందే దాదాపు 7,600 సంఘాలు విడిపోయాయి. (మన హైదరాబాద్ మెథడిస్టులకి ఇది వర్తించదు, ఇండియా సంఘం 1981 నుంచి స్వతంత్రం.) రూల్ మారింది సరే, మా చర్చిలో గ్రూపులు మాత్రం ఇంకా యంగ్ కపుల్స్, పేరెంట్స్ అనే ఉన్నాయి. తమ్ముడు అడిగింది సరైన ప్రశ్నే.

విజయక్క:
పాస్టర్ గారూ, వాక్యం మార్చలేం అన్నారు. అదే తిమోతి పత్రికలో ఒక అధ్యాయం ముందు, స్త్రీ ఉపదేశించడానికి సెలవివ్వనని ఉంది. అయినా సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) స్త్రీలకి ఆర్డినేషన్ ఇచ్చింది, 2013లో నంద్యాలకి పుష్పలలిత గారిని బిషప్ చేసింది. అప్పుడు మరి వాక్యం మారిందా, మనం దాన్ని చదివే తీరు మారిందా?

నా భర్త పోయాక పెళ్ళిరోజుల పిలుపు వచ్చినప్పుడల్లా పాటల పుస్తకంలో తల దూర్చేస్తున్నాను. ఈ బాబు గే కాబట్టి నోరు తెరిచి అడిగాడు. మాలాంటివాళ్ళం అడగనే లేదు.

కోనసీమ కాపరి:
అమ్మా, ఆ మాట ఒప్పుకుంటాను. వచ్చే నెల నుంచి అందరినీ పిలిచి ప్రార్థన చేయొచ్చు, దానికి కమిటీ కూడా అక్కర్లేదు. కానీ స్త్రీల సేవకి బైబిల్లో న్యాయాధిపతి దెబోరా, సంఘ పరిచారకురాలు ఫీబే లాంటి సాక్ష్యాలున్నాయి. గే వాళ్ళ సేవకి లేఖనంలో అలాంటిది చూపించండి.

వెనక బెంచీ:
యెషయా 56 చూడండి. ధర్మశాస్త్రం సమాజంలోకి రానివ్వని నపుంసకులకి, కొడుకులూ కూతుళ్ళ కంటే మంచి పేరు నా ఇంట్లో ఇస్తానంటాడు దేవుడు. అది గే వాళ్ళ గురించి అని అనను. కానీ పెళ్ళీ పిల్లలూ లేనివాళ్ళకి ఆ ఇంట్లో చోటుంది.

పేటల సంగతి నిజమే. అందుకే చర్చి మానేయమనను, అదే కప్పు కింద బెంచీలు తిప్పి వేద్దామంటాను. ఒకటి సూటిగా అడుగుతాను అయ్యగారూ, నేను ప్రభురాత్రి భోజనం బల్ల దగ్గరికొస్తే రొట్టె ఇస్తారా?

కోనసీమ కాపరి:
ఇస్తాను. నా పక్కన నిలబడి పంచడానికి మాత్రం ఒప్పుకోను.

వెనక బెంచీ:
తీసుకోవడానికి పనికొచ్చిన చేయి పంచడానికి ఎందుకు పనికిరాదో మీ సంఘంలో చెప్పగలరా? పెళ్ళి మాట ఎత్తకుండా చెప్పండి.