టెక్సాస్‌లో గాలిమరల పన్ను బడే తగ్గిస్తాదంట, ఇదేం లెక్క?

పలాస_జీడిపప్పు:
మా అప్ప వాళ్లు టెక్సాస్‌లో పడమటేపు ఒక చిన్న ఊర్లో ఉంటారు, ఎటు చూసినా గాలిమరలే. సిటిజన్‌షిప్ వచ్చింది కాబట్టి ఓటు కూడా ఉంది. ఇప్పుడా ఊర్లో పెద్ద గొడవంట, స్కూలుకి కొత్త బిల్డింగు కట్టాలి అప్పు తెస్తాం ఓటెయ్యండి అని బోర్డోళ్లు అడుగుతుంటే, మరల కంపెనీకి పదేళ్లు పన్ను వొగ్గేసి ఇప్పుడు మా ఇళ్ల మీద పడతారా అని సగం ఊరు తిరగబడింది. బావ కూడా ఆ సగంలోనే ఉన్నాడు లెండి. నాకు అర్థం కానిది ఏటంటే స్కూలు పన్ను వెయ్యడమేటి, మళ్లీ అదే తగ్గించడమేటి? నష్టం వాళ్లకే కదా? మన సైడు గాలంటే 2018లో తిత్లీ తుపానే, తోటలు పోవడం తప్ప గాలికి డబ్బులొస్తాయని ఎవుడికి తెలుసు. తెలిసినోళ్లు చెప్పండి.

గజపతినగరం_డల్లాస్:
ఇక్కడ ఇల్లు కొన్నాక గానీ నాకూ తెలీలేదు. టెక్సాస్‌లో రాష్ట్రానికి ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు, స్కూళ్లకి చాలావరకు ప్రాపర్టీ ట్యాక్సే ఆధారం, స్కూల్ డిస్ట్రిక్ట్‌కి (అంటే ఆ ఏరియా స్కూళ్లని నడిపే సంస్థకి) ఓట్లతో గెలిచిన బోర్డు ఉంటాది, రాష్ట్రం పెట్టిన హద్దుల్లో రేటు వాళ్లే పెడతారు. మీ బావ చెప్పేది చాప్టర్ 313 అయ్యుంటుంది, పెద్ద పెట్టుబడి పెట్టే కంపెనీలకి స్కూలు పన్ను తగ్గించే 2001 చట్టం. 20 కోట్ల డాలర్లు పెట్టి మరలు పాతారనుకోండి, పదేళ్లు దాని విలువ ఏ 2 కోట్లో అని రాసుకుని దాని మీదే పన్ను. తగ్గినదాన్ని రాష్ట్రం పూడుస్తుంది, పైగా ఒప్పుకున్నందుకు కంపెనీ స్కూలుకి విడిగా ఇస్తాది, మామూలుగా ఒక్కో స్టూడెంట్‌కి ఏడాదికి 100 డాలర్ల లెక్కన. మరింక బోర్డు వద్దని ఎందుకంటుంది? ఊరికి లాభం, ఖర్చు రాష్ట్రమంతటిదీ. 2022 డిసెంబరు 31తో అది ఆగిపోయింది, 2023లో బదులుగా తెచ్చిన చట్టంలో గాలీ సోలారూ లేవు, పాత ఒప్పందాలు మాత్రం గడువు దాకా నడుస్తాయి.

ఇంకోటి, ఆ తగ్గింపు జీతాలు, బస్సులు, కరెంటు లాంటి ఖర్చుల పన్నుకే. బిల్డింగు అప్పు తీర్చే పన్ను వేరే, దానికి మరలోళ్లు పూర్తి విలువ మీద కట్టాల్సిందే. బావకి చెప్పండి.

సిక్కోలు_మాస్టారు:
మన దగ్గర ఇలాంటి గొడవ పుట్టే వీలే లేదు. మా జీతాలు రాష్ట్రం ఇస్తాది, గ్రాంటు సమగ్ర శిక్షా పథకంలోంచి, ఊరి ఇంటిపన్ను పంచాయతీకి. పేరెంట్స్ కమిటీకి ఎన్నికలున్నాయి మీటింగులున్నాయి, పన్ను వేసే పవర్ లేదు. పక్కన ఫ్యాక్టరీకి రాయితీ ఇస్తే ఆ జీవో అమరావతిలో వస్తాది, బాత్రూం తలుపు ఊడిన బడికీ దానికీ లింకుందని ఏ తల్లికీ అనిపించదు. లేకపోలేదు, ఎక్కడో బడ్జెట్లో తగ్గుద్ది, కనపడదంతే. మీ బావకి కనీసం తిట్టడానికి ఎదురుగా మనుషులున్నారు.

రణస్థలం_బస్టాపు:
మాస్టారూ, మరీ అలా తీసెయ్యకండి. సీఎస్సార్ ఉంది కదా, 2013 కంపెనీల చట్టం, లాభాలు బాగా ఉన్నోళ్లు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజం మంచికి ఖర్చుపెట్టాలి, చుట్టుపక్కల ఊళ్లకి ముందు చూడాలని అందులోనే రాసుంది. మా సైడు బెంచీలూ ఆర్వో ప్లాంటూ అలా వచ్చినవే.

సిక్కోలు_మాస్టారు:
బెంచీలిస్తే ఫొటో నేనూ దిగాను తమ్ముడూ. ఏ ఊరికి ఎంత అనేది వాళ్ల బోర్డు ఇష్టం, మనం నిలదీసి తీసుకునేది కాదు. పన్ను అలా కాదు. ఆర్వో ఇచ్చారు సరే, ఫిల్టరు మార్చే డబ్బులెవరివి?

బొబ్బిలి_లెక్కలు:
డల్లాస్ గారూ, మీరు సగమే చెప్పారు. మరల విలువ ఏటేటా పడిపోద్ది, బిల్డింగు అప్పేమో పాతికేళ్లో ముప్పయ్యేళ్లో ఉంటాది. విలువ కరిగిపోయాక మిగిలిన వాయిదాలు ఇళ్లోళ్లూ రైతులూ కట్టాల్సిందే కదా. పలాస గారి బావ భయం ఉత్తుత్తిది కాదు.

గజపతినగరం_డల్లాస్:
నిజమే. అప్పు ఎన్నేళ్లకి, మరల విలువ నిలిచున్న మొదటి పదేళ్లలో ఎంత తీరుద్ది, ఈ రెండూ ఓటింగుకి ముందు బోర్డు మీటింగులో అడగమనండి.

పలాస_జీడిపప్పు:
అన్నీ స్క్రీన్‌షాట్లు తీసి పంపేశాను. బావ బొబ్బిలి గారిది ఒక్కటే చదివి నేను చెప్పలేదా అంటున్నాడంట. అప్ప మాత్రం బిల్డింగుకే వేస్తాదంట, మేనల్లుడు అదే బడిలో కదా.