అప్‌డేట్: పాత సినిమాలు, నా మార్కులు

పాత తెలుగు సినిమాల్లో ఏవి చూడాలని జనవరిలో అడిగాను కదా, మీరు చెప్పినవన్నీ చూసేశాను. అన్నిటికంటే నచ్చింది 'మల్లీశ్వరి' (1951), 10కి 10. వాన కురుస్తుంటే సత్రంలో మారువేషంలో ఉన్న రాయలవారిని, తన మరదలు మల్లికి పల్లకీ పంపమని హీరో నాగరాజు సరదాగా అడుగుతాడు. ఆ పల్లకీ నిజంగానే వచ్చేసరికి నా గుండె జారిపోయింది. భానుమతి గొంతు గురించి ఎంత చెప్పినా తక్కువే!

'మాయాబజార్'కి (1957) 9.5. 'లాహిరి లాహిరి' పాటలో కెమెరామన్ మార్కస్ బార్ట్లే చూపించిన వెన్నెల కోసం మళ్లీ చూశాను. 'మిస్సమ్మ'కి 9. 'దేవదాసు'కి 8 ఇస్తున్నా, నాగేశ్వరరావు నటనకు వంక పెట్టలేం గానీ చివరి భాగం నాకు మరీ బరువైపోయింది. 'గుండమ్మ కథ' అమ్మతో కలిసి చూశాను, సూర్యకాంతం నోరు విప్పితే చాలు, ఇద్దరం ఒకటే నవ్వు.

ఇక కె. విశ్వనాథ్ సినిమాలు. దేనితో మొదలుపెట్టమంటారు?