అప్‌డేట్: లోయరింగ్ స్ప్రింగ్స్ వేశాక ఎడమ పక్క కిందికి ఉన్న స్విఫ్ట్, సెట్ అయింది

లోయరింగ్ స్ప్రింగ్స్ (బండి ఎత్తు తగ్గించే స్ప్రింగులు) వేయించాక నా స్విఫ్ట్ కారు ముందు ఎడమ పక్క 15 మి.మీ. కిందికి ఉందని అడిగిన కదా. సలహాలిచ్చిన అన్నలందరికీ థ్యాంక్స్. నల్గొండలో సస్పెన్షన్ పని తెలిసిన ఒక మెకానిక్ విప్పి చూస్తే అసలు ఎడమ దిగలేదు, కుడి పక్కే లేచి ఉంది: స్ప్రింగ్ కొస కింది సీటు (స్ప్రింగ్ కూర్చునే పళ్లెం) గాడిలో కూర్చోకుండా దాని అంచు మీదికి ఎక్కింది, సీటు రబ్బరు మీద కోసుకుపోయిన గీత కూడా కనబడింది. కొస తిప్పి కూర్చోబెట్టి, లోయర్ ఆర్మ్ (చక్రాన్ని బండికి కలిపే కింది చేయి) బుష్ అనే రబ్బరు కీలు బోల్టులు వదులు చేసి, బండి బరువు చక్రాల మీద పడ్డాకే బిగించిండు (గాల్లో బిగిస్తే రబ్బరు మెలిపడి ఎత్తు తప్పుతదట). చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచుకు కొలిస్తే ఇప్పుడు తేడా 3 మి.మీ.లోపే. టైర్ గాలికి సంబంధం లేదు, ఎత్తు సరిచేయడానికి పెట్టే స్పేసర్ ముక్క అక్కర్లేదు, ఇక స్ప్రింగ్ కోయమన్న సలహా వినకపోవడమే మంచిదైంది. అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) మాత్రం ఇదంతా అయ్యాకే చేయించండి.