లింగమార్పిడి సర్జరీకి ఆరోగ్యశ్రీ, ఆయుష్మాన్ భారత్‌లలో ప్రీఆథ్ (ముందస్తు అనుమతి) ఏ ప్యాకేజీ కింద పెట్టించారు?

అన్నలూ అక్కలూ, చేయించుకున్నోళ్లు ఎవరన్నా ఉంటే చెప్పండి. మహబూబ్‌నగర్‌లో ఒక ట్రాన్స్ అక్కకు వెజైనోప్లాస్టీ (యోనిని నిర్మించే ఆపరేషన్) చేయించాలి. కలెక్టర్ ఇచ్చిన ట్రాన్స్‌జెండర్ సర్టిఫికెట్, సైకియాట్రిస్ట్ లెటర్ ఉన్నాయి. చిక్కంతా పేరు దగ్గరే. సర్టిఫికెట్‌లో, ఆధార్‌లో కొత్త పేరు. ఆహార భద్రత కార్డులో మాత్రం పాత పేరు, 'పురుషుడు' అని, అదీ తల్లిదండ్రుల కార్డు. ముందు మీసేవలో కార్డు సవరించుకోవాలా, సర్టిఫికెట్ జత చేస్తే ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ పనులు చూసే ఆరోగ్యమిత్ర ఒప్పుకుంటారా?

ట్రాన్స్‌జెండర్ల కోసం 2022లో ప్రకటించిన ఆయుష్మాన్ భారత్ టీజీ ప్లస్‌లో మనిషికి ఏడాదికి 5 లక్షలు, ఆరోగ్యశ్రీలో కుటుంబానికి 10 లక్షలు. మీకు ఏది పనిచేసింది? ప్యాకేజీ పేరు ఉన్నదున్నట్టు రాయండి, అన్నిటికన్నా అదే అవసరం. ఇవి నగదు లేకుండా జరిగే పథకాలు. అనుమతి రాకముందే సొంత డబ్బు కట్టేస్తే తిరిగి రాబట్టడం కష్టం.

ఇంకొకటి. నెలల ముందే మొదలుపెట్టాల్సిన లేజర్ హెయిర్ రిమూవల్, నెలనెలా ఈస్ట్రడయాల్ (స్త్రీ హార్మోన్) మాత్రలు, ఇవి ఆపరేషన్ బిల్లులో కలవవు. చేతి నుంచి ఎంత పడింది? ఆపరేషన్ తర్వాత యోని మార్గం తెరుచుకుని ఉండేందుకు వాడే డైలేటర్ల సెట్ ఆసుపత్రే ఇచ్చిందా, బయట కొన్నారా? మొదటి నెలల్లో రోజూ వాడకపోతే ఆ మార్గం కుంచించుకుపోతుంది. అందుకే డిశ్చార్జి నాటికే అవి చేతిలో ఉండాలి.