ఐవీఆర్ (ఫోన్ ఎత్తి "ఫలానాదానికి 1 నొక్కండి" అనే మిషన్) పెడుతున్నాం, రిపోర్టుల్లో ఏమేం అడగాలి? చేసినవాళ్లు చెప్పండి

అరండల్‌పేట_2వలైను:
మాది గుంటూరు. విత్తనాలు, పురుగుమందుల కంపెనీకి రైతుల హెల్ప్‌లైన్ చూస్తున్నాను. ఇన్నాళ్లూ ఫోన్ నేరుగా ఏజెంట్లకే వెళ్లేది. మిర్చి సీజన్ లోపు ఐవీఆర్ పెట్టాలంటున్నారు. ముందు భాష, తర్వాత డీలర్ వివరాలు, ఆర్డర్ స్థితి, ఫిర్యాదు. మనిషితో మాట్లాడాలంటే 9. రోజుకి ఎన్ని కాల్స్ వచ్చాయి, ఎన్ని ఐవీఆర్‌లోనే అయిపోయాయి, ఈ రెండూ చూపిస్తే చాలని మా సారు. ఇంకేమైనా ముందే అడగాలా?

పటమట_ఫోన్లు:
"ఐవీఆర్‌లోనే అయిపోయాయి" దగ్గరే ఆగండి. కంటెయిన్‌మెంట్ అని వెండార్లు గొప్పగా చూపించే అంకె అది. ఏజెంట్ దాకా రాకుండా తెగిన ప్రతి కాలూ మామూలుగా అందులో కలిపేస్తారు. ఆర్డర్ స్థితి విని పెట్టేసినవాడూ, మెనూ అర్థంకాక తిట్టుకుంటూ పెట్టేసినవాడూ ఒకటే లెక్క. మెనూ ఎంత దరిద్రంగా ఉంటే అంకె అంత బాగా కనపడుద్ది!

ఫ్లో, అంటే ఏది నొక్కితే కాల్ ఎటు పోవాలో ఆ పటం, గీసేటప్పుడే ఎక్కడిదాకా వింటే పని అయినట్టో రాయించండి. ఆర్డర్ స్థితి పూర్తిగా వినిపించాక పెట్టేస్తే "పని అయింది". భాష అడుగుతుండగా పెట్టేస్తే "వదిలేశారు". కాల్ నడుస్తుండగానే ఆ గుర్తు డేటాబేస్‌లో పడాలి. తర్వాత తవ్వి తీద్దామంటే దొరకదు.

బెజవాడ_ఆస్టరిస్క్:
పైన చెప్పింది కరెక్టు. మీ సిస్టమ్ ఆస్టరిస్క్ అనే ఫోన్ సాఫ్ట్‌వేర్ మీద కట్టిందైతే సీడీఆర్ (ఒక్కో కాల్‌కీ పడే రికార్డు) ఒక్కటే నమ్ముకోకండి. ఐవీఆర్ ఫోన్ ఎత్తగానే అందులో ఆన్సర్డ్ అని పడిపోతుంది. క్యూలో పాటలు విని విని పెట్టేసిన రైతు కూడా ఆన్సర్డే. క్యూలాగ్ వేరే ఉంటుంది. ఎంటర్‌క్యూ (క్యూలోకి వచ్చాడు), కనెక్ట్ (ఏజెంట్‌కి కలిసింది), అబాండన్ (విసిగి పెట్టేశాడు) విడివిడిగా, ఎన్ని సెకన్లు ఆగాడో దాంతోసహా. ఈ రెండిటినీ కలిపే కాల్ ఐడీ ఐవీఆర్ నుంచి సీఆర్ఎం (ఏజెంట్లు రైతుల వివరాలు చూసే సాఫ్ట్‌వేర్) దాకా ఒకటే ఉండాలని ఒప్పందంలో పెట్టించండి. లేదంటే బదిలీ అయిన చోట కొత్త ఐడీ పుట్టి ఒక రైతు ఇద్దరైపోతాడు.

సర్వర్ టైమ్ కూడా అడగండి. యూటీసీలో (మనకంటే ఐదున్నర గంటలు వెనక ఉండే ప్రామాణిక టైమ్) వదిలేస్తే మీ "నిన్న" పొద్దున 5:30కి మొదలవుతుంది. తెల్లారుజామున 5కి చేసినవాడు ముందురోజు ఖాతాలోకి పోతాడు.

తెనాలి_ఎంఐఎస్:
ఏజెంట్‌గా చేసి ఇటు వచ్చానండి. రైతుల కాల్స్ కాబట్టి చెప్తున్నా, తప్పు నొక్కినవి, అసలేం నొక్కనివి వేరువేరుగా రావాలి. చాలాచోట్ల రెండూ ఇన్‌వాలిడ్ కింద వేసేస్తారు. మా దగ్గర నొక్కనివాళ్లే ఎక్కువ. ఫోన్ చెవి దగ్గర్నుంచి తీసి కీప్యాడ్ తెరిచేలోపు టైమౌట్. ఇంకొందరు అది మిషనని తెలియక "అలో, అయ్యా, మాది ప్రత్తిపాడు, మొక్కలకి ముడత వచ్చింది" అంటూ చెప్పుకుపోతుంటారు. విడగొట్టి చూశాక ఆగే సమయం పెంచారు, ఏం నొక్కకపోయినా తెలుగు ఏజెంట్‌కి పంపారు.

తప్పు నొక్కుతున్నారంటే మాత్రం మెనూ రికార్డింగ్ వినండి. పని ముందు చెప్పాలి, అంకె చివర్లో. తిరగేస్తే వినేసరికి అంకె మర్చిపోతారు.

పటమట_ఫోన్లు:
తెనాలి గారు, అదే నంబరు నుంచి 24 గంటల్లో మళ్లీ వచ్చినవి కూడా తీస్తున్నారా? "పని అయింది" అన్న గుర్తు నిజమో కాదో అక్కడే తేలుతుంది.

తెనాలి_ఎంఐఎస్:
తీస్తాం, కానీ డీలర్ల నంబర్లు పక్కన పెట్టి. ఒక్క కొట్టు ఫోన్ నుంచే ఊళ్లో సగంమంది మాట్లాడతారు కదా. అవి కలిపితే లెక్కంతా తప్పే.

గవర్నర్‌పేట_లైన్లు:
అందరూ వచ్చిన కాల్స్ గురించే మాట్లాడుతున్నారు. రానివాటి సంగతి? ఒక పీఆర్ఐలో (టెలికాం కంపెనీ ఇచ్చే డిజిటల్ లైను) 30 చానెళ్లు, అంటే ఒకేసారి 30 కాల్స్. మెనూ వింటున్నవాడూ, క్యూలో ఉన్నవాడూ, ఏజెంట్‌తో మాట్లాడుతున్నవాడూ తలా ఒకటి పట్టుకుని ఉంటారు. 31వ వాడికి బిజీ టోన్. ఆ కాల్ మీ సర్వర్‌కే రాదు, కాబట్టి మీ ఏ రిపోర్టులోనూ ఉండదు. ఎన్ని చానెళ్లు ఒకేసారి నిండాయో అరగంటకోసారి తీయించండి. తరచూ 30 తాకుతుంటే టెలికాం కంపెనీని అడిగి బిజీ లెక్క తెప్పించుకోండి. సిప్ ట్రంక్ (ఇంటర్నెట్ పద్ధతిలో వచ్చే లైను) అయినా అంతే, ఎన్ని కొన్నారో అన్నే.

ఓటీపీ లాంటివి నొక్కించుకుంటే లాగ్‌లో కనపడకుండా చేయించండి, మర్చిపోతారు.

అరండల్‌పేట_2వలైను:
అందరికీ థాంక్స్. వెండార్‌తో మాట్లాడాను. టైమ్ మార్చడం తేలికేనట. "పని అయింది" గుర్తులకి మాత్రం అదనంగా చార్జీ అంటున్నాడు. సారు ఒప్పుకునేలా లేరు.

బెజవాడ_ఆస్టరిస్క్:
ఫ్లో ఇంకా కట్టలేదు కదా, ఇప్పుడైతే ఒక్కో దారి చివర ఒక లైను రాయడమే. గట్టిగా బేరమాడండి, కావాలంటే రంగురంగుల డాష్‌బోర్డు వద్దనండి. లైవ్‌కి ముందు మీ ఫోన్ నుంచే అన్ని దారులూ నొక్కి, మధ్యలో పెట్టేసి, క్యూలో ఆగి పెట్టేసి చూడండి. టైములు కాగితం మీద రాసుకుని మర్నాడు రిపోర్టులో ఏ కాల్ ఏ పేరుతో పడిందో సరిపోల్చుకోండి. సరిపోయాకే బిల్లు పాస్ చేయించండి.